కత్తెర పడిన జాబితా

అనువాదం పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే, "అమ్మా, ఈ మాటకి తెలుగులో ఏమంటారండీ?" అని ఒక ఇంగ్లీషు ముక్క నా ముందు పడేస్తారు. ముందేముంది, వెనకేముంది, ఎవరి గురించి, ఎవరు చదవడానికి? ఏమీ చెప్పరు. నాకు ఒళ్లు మండిపోతుంది. "కాగితం మొత్తం పట్టుకురండి, అప్పటిదాకా నా గడప తొక్కొద్దు" అని కసురుకుంటాను. పెద్దావిడకి చాదస్తం ఎక్కువ అనుకుంటూ వెళ్లిపోతారు. చాదస్తమే, కాదనను. అది నాకు ఎక్కడ అంటుకుందో చెబితే, నేను కసురుకునేది వాళ్లని కాదనైనా తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది తిరగలేదు. సికింద్రాబాదులో ఆఫీసులన్నీ తలకిందులుగా ఉన్నాయి. అంతకుముందు సర్కారు కాగితమంటే ఉర్దూ. ఇప్పుడు పైనుంచి వచ్చేదంతా ఇంగ్లీషు, గోడల మీద అంటించేది మాత్రం తెలుగులో కూడా ఉండాలన్నారు. రాసేవాళ్లేరి? రెండు భాషలూ వచ్చినవాళ్ల కోసం వెతికితే నాలాంటివాళ్లు దొరికారు. మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి మిషను బడిలో పాఠాలు చెప్పేవారు. రెజిమెంటల్ బజారులో మా ఇల్లు. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఆదివారం గుడిలో చదివే బైబిలు తెలుగు, నాన్నగారు నూరిపోసిన వ్యాకరణం, మిషను బడి ఇంగ్లీషు, ఈ మూడూ కలిసి నన్ను మించిన పండితురాలు లేదని నాకు బాగా తలకెక్కింది.

మా తర్జుమా విభాగం కంటోన్మెంటులో ఒక పాత బంగళా. ముందు పొడుగాటి వరండా, లోపల రెండు గదులు. సూపరింటెండెంటుగారు మద్రాసు వైపు నుంచి వచ్చినాయన. మనిషి చెడ్డవాడు కాదు. కానీ పని ఎలా చెయ్యాలో తనకి తప్ప లోకంలో ఎవరికీ తెలియదని నమ్మకం. ఆయనకి రెండు గొప్ప ఆలోచనలు వచ్చాయి. ఆ రెండూ మా ఆఫీసుకే రావడం నా ఖర్మ.

మొదటిది మాటల రిజిస్టరు. ఏ ఇంగ్లీషు మాట మొదటిసారి ఏ కాగితంలో వస్తే, అక్కడ దానికి ఏ తెలుగు రాశామో అదే రిజిస్టరులోకి ఎక్కుతుంది. కింద ఆయన సంతకం. ఇక ఆ మాటకి జీవితాంతం అదే తెలుగు. "ఒక మాటకి పది రకాలుగా రాస్తే జనం అయోమయంలో పడతారు" అనేవారు. వినడానికి బాగానే ఉంటుంది. నేనూ మొదట్లో బాగానే ఉందనుకున్నాను, అదీ నా తెలివి.

రెండోది కత్తెర. పాత ప్రభుత్వపు దళాలూ కార్ఖానాలూ ఎత్తేస్తున్నారు కదా, వాటిలో పనిచేసినవాళ్ల జాబితాలు కట్టలు కట్టలుగా వచ్చి పడుతున్నాయి. పేరు ఒక గడి, చేసిన పని ఒక గడి, ఏమైందో ఒక గడి, ఎందుకైందో ఒక గడి. ఒక్కొక్కరూ అడ్డంగా చదువుతూ తర్జుమా చేస్తే ఎప్పటికవుతుందని, సూపరింటెండెంటుగారు బట్టల దుకాణంలో వాడే పెద్ద కత్తెర కొనుక్కొచ్చి పేజీలను నిలువునా కోయడం మొదలుపెట్టారు. పేర్ల ముక్కలన్నీ ఒకరికి, పనుల ముక్కలన్నీ ఇంకొకరికి. ఒక్కో మనిషీ ఒక్కో గడిలో చెయ్యి తిరిగిపోతే పని పరుగెడుతుందని ఆయన లెక్క. నిజంగానే పరుగెత్తింది.

నా పక్క బల్ల దగ్గర మున్షీగారు కూర్చునేవారు. ఇక్కడి పాత మనిషి, మా నాన్నగారి కంటే పెద్ద. పాతికేళ్లు ఉర్దూ కాగితాలు రాసిన చెయ్యి. ఆయన తెలుగులో సగం ఉర్దూ దొర్లేది. నేను మొహం తిప్పుకుని నవ్వుకునేదాన్ని. ఆయనకి తెలుసు, అయినా ఏమీ అనేవారు కాదు.

ఒకరోజు నా వంతుకి మూడో గడి ముక్కలు వచ్చాయి. ఒక గుర్రపు దళం జాబితా అది. ముక్క మీద పైనుంచి కిందదాకా ఒకటే మాట: డిశ్చార్జ్డ్, డిశ్చార్జ్డ్, డిశ్చార్జ్డ్. ఇరవై పైచిలుకు ముక్కలు, అన్నిటా అదే. నాకు కాస్త అనుమానం వచ్చిందని ఒప్పుకోవాలి. లేచి లోపలికి వెళ్లాను.

"సార్, ఈ మాటకి చాలా అర్థాలున్నాయి కదండీ. ఆసుపత్రి నుంచి రోగిని ఇంటికి పంపినా ఇదే, తుపాకీ పేల్చినా ఇదే, కోర్టు ముద్దాయిని వదిలేసినా ఇదే. కొలువు నుంచి పంపించడంలో కూడా తప్పు చేసి పోయినవాడు వేరు, పని లేక పోయినవాడు వేరు. ఇక్కడ ఏది రాయమంటారు?"

ఆయన తల కూడా ఎత్తలేదు. "రిజిస్టరులో ఏముంది?"

"తప్పు మీద పని నుంచి తీసివేయబడినవాడు అని ఉందండీ. అది గోదాములో దొంగతనం చేసిన కావలివాళ్ల జాబితా వచ్చినప్పుడు ఎక్కించిందండీ."

"ఉంది కదా. మరి నా ప్రాణం ఎందుకు తీస్తావమ్మా? వెళ్లి రాయి."

"పక్క గడి ఒక్కసారి చూస్తే..."

"కారణాల గడి మనం తర్జుమా చెయ్యడం లేదు. జనానికి కారణాలెందుకు? కట్ట కట్టి అటక మీద పెట్టించాను."

బల్ల దగ్గరికి వచ్చాక మున్షీగారు మెల్లగా అన్నారు. "మా దిక్కు రెండు మాటలు ఉంటయమ్మా. తప్పు జేసి పోతే బర్తరఫ్. పని తక్కువైందని పంపిస్తే తఖ్ఫీఫ్. ఊరోళ్లకు సుత ఎరుకే. నువ్వు రెండిటికి ఒక్కటే రాస్తున్నవ్. జెర ఆ కట్ట దింపి చూడరాదు?"

"అవి తెలుగు మాటలు కావండీ మున్షీగారూ" అన్నాను నేను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆయన చెబుతున్నదేమిటి, నేను పట్టుకున్నదేమిటి!

కూర్చుని రాశాను. అందమైన దస్తూరీతో, ఒక్క అక్షరం వంకర పోకుండా, ఒక దళం మొత్తాన్ని తప్పు మీద తీసివేశాను. అంతమంది ఒకేసారి ఏం తప్పు చేసి ఉంటారబ్బా అని కూడా నాకు తోచలేదు. ముక్కలు అతికి కొత్త జాబితా తయారు చేశారు. ఎవరెవరు ఎక్కడెక్కడ ఉంటారో ఆ చుట్టుపక్కల గోడల మీద అంటించి వచ్చారు.

పది రోజులైంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం వరండాలో ఒకాయన వచ్చి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, తలపాగా, కుడి చేతి బొటనవేలు మీద మందపాటి కాయ. గుమస్తా ఎవరో నా వైపు చూపించినట్టున్నారు.

"అమ్మా, కార్ఖానా బస్తీల గోడ మీది కాగితం రాసింది మీరేనా?"

అవునన్నాను. కాస్త గర్వంగానే అన్నానేమో కూడా.

"గుర్రాల జీన్లు కుట్టేటోన్ని నేను. ఇరవై రెండేండ్లు కుట్టిన. తప్పు మీద తీసేసిన్రు అని రాసిన్రంట గద నా పేరు పక్కన. నేనేం తప్పు జేసిన్నో జెర చెప్పున్రి. తెలుసుకొని ఇంటికి పోతా."

అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నిజంగానే తెలుసుకోవడానికి వచ్చినట్టు నిలబడ్డాడు. మున్షీగారు లేచి ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, సంగతి కనుక్కున్నారు.

సంగతేమంటే, తిరుమలగిరిలో మిలిటరీ డిపోలో డేరాలు కుట్టేవాళ్లు కావాలట. సోమవారం పొద్దున రమ్మన్నారు. చెయ్యి పని చూసి మెచ్చుకున్నారు కూడా. కానీ మనిషి మంచివాడని తన గల్లీ నుంచి ఇద్దరు జామీను కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి. లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

"ఇద్దరు ఏంది, ఇరవై మంది వస్తరనుకున్న" అన్నాడాయన. "ఒక్కడు రాలే. గోడ మీద అట్ల రాసినంక ఎవరొస్తరు? అసలే దినాలు బాగలేవు, ఎవని జామీను ఎటు పోతదో అని భయం. పన్నెండేండ్ల సంది మా ఇంట్ల పాలు పోసేటాయన సుత రేపు చూద్దాం అన్నడు. ఈ పని పోతే నాకు ఇంకో పని రాదమ్మా. గుర్రాలు లేవు, జీన్లు ఎవలు కుట్టిస్తరు?"

నేను సూపరింటెండెంటుగారి గదిలోకి పరుగెత్తాను. ఆయన చాలా ఓపిగ్గా విన్నారు. విని, "దళం ఆఫీసుకి తాళం పడింది. ఇంకో ప్రతి లేదు. ఉన్న ప్రతి ముక్కలైంది, జాబితా అతికేశాక ఆ ముక్కల వరుస కూడా తప్పిపోయింది. ఏ ముక్క ఏ పేజీదో దేవుడికెరుక. అతను తప్పు చెయ్యలేదని మనకేం రుజువు?" అన్నారు.

"చేశాడని ఏం రుజువుందండీ?"

"రిజిస్టరులో ఉంది కదమ్మా."

గోడకేసి తల బాదాలనిపించింది. నా తల కాదు.

బయటికి వచ్చి, ముక్కలన్నీ కలిసిపోయాయని, పేజీ నంబర్లు కూడా లేవని జీన్లాయనకి చెప్పాను. చెబుతుంటే నాకే ఏడుపొస్తోంది. ఆయన మాత్రం వేరే ఏదో ఆలోచిస్తున్నాడు.

"కోసింది మిషన్‌తోనా, చేతితోనా?"

"చేతితోనే. కత్తెరతో."

"అయితే దొరుకుతది. చేతి కోత ఒకటి ఇంకోదాని లెక్క ఉండదు. తోలు కోసినప్పుడు సుత అంతే, ఏ ముక్క పక్కకి ఏది ఉండెనో అంచు జెప్తది. ముక్కలు ఇయ్యున్రి, నేను జూస్తా."

మర్నాడు శనివారం, ఒంటిపూట ఆఫీసు. జీన్లాయన పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. మున్షీగారు అటకెక్కి కారణాల కట్ట దించారు. ముసలాయన, మోకాళ్ల నొప్పులు, వద్దన్నా వినలేదు. నాలుగు కట్టలూ వరండాలో పరిచాం. గాలికి లేచిపోకుండా కంకర రాళ్లు పెట్టాం. మున్షీగారు పేర్ల ముక్కల్లో ఈయన పేరున్నది వెతికిచ్చారు. ఇక అక్కడి నుంచి పనంతా జీన్లాయనదే.

ఆయనకి ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా కూడబలుక్కోవాలి. ముక్క అంచు మీద బొటనవేలు పైనుంచి కిందికి నడిపించేవాడు. సూపరింటెండెంటుగారి చెయ్యి ఎక్కడ వణికిందో, ఎక్కడ కత్తెర ఆగి మళ్లీ మొదలైందో పసిగట్టేవాడు. ఇంకో ముక్క తీసి ఆనించి, కాదని పక్కన పెట్టేవాడు. పది, పదిహేను, పద్దెనిమిది. రెండో గడి కలిసింది. మూడో గడి, అంటే నా గడి, కలిసింది. నాలుగోది ఎంతకీ కలవలేదు. నేను లోపల ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను.

సూపరింటెండెంటుగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఇదేమిటి? ప్రభుత్వ కాగితాలు నేల మీద!"

"ముక్కలు జేసింది మేం కాదు గద సార్" అన్నారు మున్షీగారు, తల ఎత్తకుండానే. పాతికేళ్ల కొలువులో పై అధికారికి ఆయన ఎదురు చెప్పడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది.

పదకొండున్నరకి నాలుగో ముక్క దొరికింది. అంచుకి అంచు ఆనింది. జీన్లాయన తన పేరున్న వరుస మీద వేలు పెట్టి, "చదువున్రి" అన్నాడు.

చదివాను. గుర్రాలు అమ్మివేయబడినవి, జీన్ల పని లేదు, నడవడి చాలా మంచిది. ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను.

"గుర్రాలు పోయినై, నేను పోయిన. గంతే గదమ్మా" అన్నాడు. అని కళ్లు తుడుచుకున్నాడు. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. నేను రాసిన మాటకీ ఈ కారణానికీ మధ్య ఉన్నది ఒక కత్తెర గాటు. అటక మీద చెయ్యి పెడితే అందేది. నాకు అనుమానం వచ్చింది, ఒక పెద్దమనిషి చూడమని చెప్పారు, అయినా చూడలేదు. ఇంకొకరిని ఏమనగలను?

ఆయన తన కాగితం దొరికిందని లేచిపోలేదు. ఆఫీసు వేళ దాటిపోయినా సాయంత్రందాకా కూర్చుని జాబితా మొత్తం జత చేసి ఇచ్చాడు. అంతమందిలో నిజంగా తప్పు మీద పోయినవాళ్లు ముగ్గురు. తక్కినవాళ్లందరినీ తప్పు చేసినవాళ్లుగా గోడకెక్కించింది నేను.

నేల మీది కాగితాలకి కాపలాగా గదిలోనే ఉండిపోయిన సూపరింటెండెంటుగారికి చూపించాను. ఆయన మొహం కాస్త పాలిపోయింది. వెంటనే సర్దుకున్నారు. "సవరణ చెయ్యాల్సిందే. పైకి రాద్దాం. అనుమతి వస్తుంది. ఒక నెల పట్టొచ్చు."

"సోమవారం పొద్దున్న ఆయనకి పనండీ!"

"ముద్ర లేకుండా ఒక్క కాగితం బయటికి వెళ్లడానికి వీల్లేదు. ఇది ఆర్డరు."

బయటికొచ్చి మున్షీగారి దగ్గర నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఆయన పుస్తకాలు సర్దుకుంటూ, "కాగితం పోవద్దన్నడు గాని మనిషి పోవద్దనలే గద. ముద్ర లేకుంటే ఏమాయె, రాసినామె నోటితోని చెప్తే వినరా?" అన్నారు. అలా వెళ్లి నోటితో చెప్పినందుకు తర్వాత నాకు మెమో వచ్చింది, మూడు నెలలు నన్ను నంబర్లు వేసే బల్లకి పంపారు. గోడల మీద సవరణ కూడా అంటించారు, నెలకి కాదు, రెండు నెలలు దాటాక.

ఆదివారం ఆరాధన అవగానే, ఆ చీరలోనే, మున్షీగారి వెంట కార్ఖానా బస్తీకి నడిచాను. నాన్నగారితో చెబితే, "నువ్వు చేసింది నువ్వే దిద్దుకోవాలి, వెళ్లిరా" అన్నారు. గల్లీ మలుపులో ఆ కాగితం ఇంకా గోడకి ఉంది. నా దస్తూరీ అంత దూరం నుంచి కనపడింది. జీన్లాయన ఇంటింటికీ వెళ్లి పిలిస్తే ఒక పాతికమంది దాకా వచ్చి నిలబడ్డారు. ఆడవాళ్లు గుమ్మాల్లోంచి చూస్తున్నారు.

నా మనసులో రాసి పెట్టుకున్నది చెప్పాను. "సిబ్బంది తగ్గింపు కారణముగా విధుల నుండి గౌరవపూర్వకముగా..." ఇంకా వాక్యం పూర్తి కాలేదు, వెనక ఎవరో "ఏందంటున్నదామె?" అన్నారు. ఇంకెవరో నవ్వారు. మున్షీగారి వైపు చూశాను. ఆయన నాకు మాట అందించలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డారు.

"తఖ్ఫీఫ్" అన్నాను. "ఈయన బర్తరఫ్ కాలేదు. తఖ్ఫీఫ్‌లో పోయాడు. గుర్రాలు అమ్మేశారు, పని లేదని పంపించారు. అంతే. నడవడి చాలా మంచిదని అసలు కాగితంలో ఉంది, నా కళ్లతో చదివాను."

ఒక్కసారిగా గల్లీ అంతా కదిలింది. అట్లనా, గట్లనా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూల కొట్టు దర్జీ ముందుకొచ్చాడు. "నాకు ముందే అనుమానం" అంటూ జామీను కాగితం మీద బొటనవేలు వేశాడు. ముందే అనుమానముంటే ముందే రావచ్చు కదా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇంకొక వేలిముద్ర కావాలి.

ఎవరూ కదల్లేదు. అప్పుడు వెనకనుంచి ఒకాయన జనాన్ని తప్పించుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో పాల చెంబు. ఆ పాలు పోసే ఆయనేనని ఎవరూ చెప్పక్కరలేదు.

"మరి గోడ మీద గట్ల రాసిందెవరు?"

"నేనే."

దాక్కోవడానికి అక్కడ చోటు లేదు.

"ఆ మాట రాసేముందు, ఈ మనిషి ఎవరు, ఏం జేసిండు అని ఒక్కసారన్న అడిగినవా అమ్మా?"

"లేదు. అడగలేదు."

తిడతాడనుకున్నాను. తిట్టినా పడడానికే వచ్చాను. ఆయన నన్ను వదిలేసి జీన్లాయన వైపు తిరిగాడు. ఆయన మొహంలోకి చూడలేక, కింద ఇద్దరి కాళ్ల వైపూ చూశాడు.

"నేను సుత అడగలే" అన్నాడు. "పన్నెండేండ్ల సంది మీ ఇంటికి రెండు పూటలు వస్తున్న. ఎవడో చదివిండు, నేను విన్న, నమ్మిన. తలుపు దాటి లోపలికొచ్చి, అన్నా ఏమైందే అని ఒక్క మాట అడగలే."

చెంబు నేల మీద పెట్టి, చెయ్యి పంచెకి తుడుచుకుని, జామీను కాగితం వైపు బొటనవేలు చాపాడు.